జమ ఏది, బాకీ ఏది: ఆబ్జెక్ట్ ఫైలు చిట్టా విప్పే ఎన్ఎమ్

తిరుపతి చుట్టుపక్కల ఏ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనైనా సరే, రికార్డు సబ్మిట్ చేసే వారంలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "కోడంతా కరెక్టే సార్, ఎర్రర్ ఎక్కడుందో కనపళ్లేదు." చాలాసార్లు ఆ పిల్లవాడు చెప్పేది నిజమే. కోడ్ కరెక్టే. స్క్రీన్ మీద ఉన్నది "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అనే వాక్యం, దాని పక్కన ఒక ఫంక్షన్ పేరు. లైను నంబరు ఉండాల్సిన చోట టెక్స్ట్ ప్లస్ ఏదో అంకె. అది చూసి సెమీకోలన్లు, బ్రాకెట్లు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలవుతుంది. గంట గడిచినా ఏమీ దొరకదు, ఎందుకంటే తప్పు ఆ ఫైల్లో లేదు. ఆ మాటకొస్తే ఏ ఒక్క ఫైల్లోనూ లేదు. రెండు ఫైళ్ల మధ్య పేర్ల లెక్క కుదరలేదు, అంతే. ఆ లెక్క చూపించడానికే యూనిక్స్‌లో ఎన్ఎమ్ అనే చిన్న కమాండ్ ఉంది. సిలబస్‌లో దానికి చోటు దొరకడం అరుదు. గంటలు తినే ఎర్రర్లలో పెద్ద వాటా అది అర నిమిషంలో తేల్చేవే కావడం విచిత్రం.

కంపైలర్ ఒక్కో సీ ఫైలును ఒంటరిగా చదువుతుంది. పక్క ఫైలు ముఖం కూడా చూడదు. "ఈ పేరుతో ఒక ఫంక్షన్ ఎక్కడో ఉంది" అని ప్రోటోటైప్ మాట ఇస్తే చాలు, నమ్మేస్తుంది. మెషిన్ కోడ్ తయారు చేసి, ఆ ఫంక్షన్ చిరునామా రాయాల్సిన చోట ఖాళీ వదిలి, పేరును బాకీ కింద రాసుకుంటుంది. ఇలా తయారైనదే డాట్ ఓ ఫైలు, అంటే ఆబ్జెక్ట్ ఫైలు. వసూలుకు వచ్చేది లింకర్. అన్ని డాట్ ఓ ఫైళ్లనూ ఎదురుగా పెట్టుకొని, ఎవరు ఏ పేరు ఇస్తామన్నారు, ఎవరికి ఏ పేరు కావాలి అని సరిచూస్తుంది. ఒక్క బాకీ తీరకపోయినా ప్రోగ్రాం తయారు కాదు. దామలచెరువు మామిడి మండీలో సాయంత్రం చిట్టా సరిచూసే గుమస్తా పని ఇదే. కాయ బాగుందా, పుల్లగా ఉందా అన్నది అతనికి అక్కర్లేదు. జమ, బాకీ సరిపోయాయా అన్నదే ప్రశ్న.

ప్రతి ఆబ్జెక్ట్ ఫైలులోనూ ఈ చిట్టా ఉంటుంది. పేరు సింబల్ టేబుల్. దాన్ని మనిషి చదివేలా బయటికి తీసేది ఎన్ఎమ్. ఆ రెండక్షరాలు నేమ్ లిస్ట్ అన్నదానికి కుదింపు. 1971 నవంబరులో వచ్చిన యూనిక్స్ మొదటి ఎడిషన్ మాన్యువల్‌లోనే ఇది ఉంది, అంటే సీ భాష కంటే వయసులో పెద్దది. అప్పట్లో ఒక్కో పేరుకు 8 బైట్ల చోటే ఇచ్చారు. పాత సీ పుస్తకాల్లో ఫంక్షన్ల పేర్లు అచ్చులన్నీ ఊడిపోయి ఎముకల గూడులా కనిపించడానికి ఇలాంటి ఇరుకే కారణం. 1989 నాటి సీ ప్రమాణం కూడా ఫైలు దాటి వెళ్లే పేర్లలో మొదటి 6 అక్షరాలకే హామీ ఇచ్చింది. ఈనాటి లినక్స్ ఆబ్జెక్ట్ ఫైళ్లు వాడే ఈఎల్ఎఫ్ ఫార్మాట్‌లో ఆ ఇబ్బంది లేదు: 64 బిట్ మెషిన్లో ఒక్కో సింబల్‌కు 24 బైట్ల నమోదు ఉంటుంది, పేరు మాత్రం వేరే పట్టికలో ఎంత పొడవైనా ఉండొచ్చు.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుంటే విషయం తేలికవుతుంది. తిరుపతి నుంచి చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరుకు దాదాపు 70 కిలోమీటర్లు. దూరం ఇస్తే బస్సు ఛార్జీ లెక్కగట్టే ప్రోగ్రాం. రెండు ఫైళ్లు: మెయిన్.సీ, ఛార్జీ.సీ. మొదటిదాంట్లో మెయిన్ ఫంక్షన్ ఒక్కటే ఉంది. అది ఛార్జీ_లెక్క అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది, చివర ప్రింట్ఎఫ్‌తో "శుభ ప్రయాణం" అని ఒక లైను అచ్చు వేస్తుంది. దాన్ని కంపైల్ చేసి మెయిన్.ఓ మీద ఎన్ఎమ్ నడిపితే వచ్చేది ఇంతే:

0000000000000000 టీ మెయిన్
యూ ఛార్జీ_లెక్క
యూ పుట్స్

మొదటి వరుస జమ. మెయిన్ అనే పేరు ఈ ఫైలు ఇస్తుంది, అది టెక్స్ట్ విభాగంలో, అంటే కోడ్ ఉండే చోట, సున్నా దగ్గర మొదలవుతుంది. ఆ పదహారు సున్నాలు చూసి కంగారు పడనక్కర్లేదు. లింకర్ ఇంకా ఎవరికీ చోటు కేటాయించలేదు కాబట్టి ప్రతి విభాగం సున్నా నుంచే లెక్క. కింది రెండు వరుసలకు అంకె లేదు, యూ మాత్రమే ఉంది. అన్‌డిఫైన్డ్. బాకీ.

అయితే ప్రింట్ఎఫ్ రాస్తే పుట్స్ ఎక్కడినుంచి ఊడిపడింది? ఫార్మాట్ గుర్తులేమీ లేకుండా కొత్త లైనుతో ముగిసే మాటను ప్రింట్ఎఫ్‌కు ఇస్తే, జీసీసీ అనే కంపైలర్ దాన్ని తనంతట తానే పుట్స్‌గా మార్చేస్తుంది. పని అదే, ఖర్చు తక్కువ. మనం రాసిన కోడ్ ఒకటి, ఫైలు అడుగుతున్న పేరు మరొకటి. ఎర్రర్‌లో తాము రాయని పేరు కనపడి "ఇది మాది కాదే" అని బిత్తరపోయేవాళ్లకు ఎన్ఎమ్ ఇచ్చే మొదటి పాఠం ఇదే: లింకర్ చదివేది సోర్స్‌ను కాదు, ఈ చిట్టాను.

ఇప్పుడు ఛార్జీ.ఓ. తెలుగు అక్షరాల్లో క్యాపిటల్, స్మాల్ లేవు గనుక పెద్ద టీ, చిన్న టీ అని రాయక తప్పదు:

0000000000000000 పెద్ద బీ అమ్మిన_టికెట్లు
0000000000000015 పెద్ద టీ ఛార్జీ_లెక్క
0000000000000000 పెద్ద డీ కిలోమీటరు_రేటు
0000000000000000 చిన్న టీ సవరించు

ఆ అక్షరాల వరుసలోనే అసలు సంగతంతా ఉంది. టీ అంటే కోడ్. డీ అంటే మొదటి విలువ ఇచ్చిన గ్లోబల్ వేరియబుల్. బీ అంటే సున్నాతో మొదలయ్యేది. ఆర్ అయితే చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేని డేటా. అక్షరం పెద్దదైతే ఆ పేరు ఊరందరికీ తెలిసినది, చిన్నదైతే ఇంట్లో మాత్రమే పిలిచేది.

ఇంట్లో పేరంటే ఏమిటో రాయలసీమలో పెరిగినవాళ్లకు వేరే చెప్పాలా? ప్రతి ఇంట్లోనూ ఒక చిన్నోడు ఉంటాడు. వీధిలో ఇరవై ఇళ్లుంటే ఇరవై మంది చిన్నోళ్లు. ఎవరింట్లో వాళ్లు పిలుచుకున్నంతసేపు గొడవ లేదు. అదే చిన్నోడి పేరుతో బడిలో చేర్పిస్తే హాజరు పట్టీ నడవదు. సీలో స్టాటిక్ అని రాసిన ఫంక్షన్ ఈ ఇంట్లో పేరులాంటిది: పది ఫైళ్లలో పది సవరించు ఫంక్షన్లు ఉన్నా లింకర్ పట్టించుకోదు, ఎన్ఎమ్ అన్నిటినీ చిన్న టీతో చూపిస్తుంది. స్టాటిక్ మర్చిపోతే రెండు ఫైళ్లలో రెండు పెద్ద టీలు వస్తాయి, లింకర్ "మల్టిపుల్ డెఫినిషన్" అని ఆగిపోతుంది. దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. పక్క ఫైలుకు కావాల్సిన ఫంక్షన్‌కు పొరపాటున స్టాటిక్ తగిలిస్తే, ఒక ఫైల్లో యూ, ఇంకో ఫైల్లో చిన్న టీ కనిపిస్తాయి. పేరు ఉంది, అచ్చంగా అదే పేరు, అయినా బాకీ తీరదు. ఫైల్లో ఫంక్షన్ కళ్లెదురుగా ఉన్నా లింకర్ లేదంటోందేమిటని తలపట్టుకునే సందర్భం ఇదే. చిన్న టీ కనపడగానే వెతుకులాట ముగిసినట్టే.

బీ గురించి ఒక ముచ్చట. దాని అసలు పేరు బీఎస్ఎస్, బ్లాక్ స్టార్టెడ్ బై సింబల్. 1950ల నడుమ ఐబీఎం 704 కోసం రాసిన ఒక అసెంబ్లర్‌లోని ఆదేశం అది. ఆ యంత్రం మ్యూజియం చేరినా మాట మాత్రం ప్రతి లినక్స్ ప్రోగ్రాం కడుపులోనూ బతికే ఉంది. దాని గొప్పతనం పొదుపులో ఉంది. పది లక్షల ఇంట్‌ల శ్రేణిని విలువ ఇవ్వకుండా ప్రకటిస్తే నడిచేటప్పుడు 40 లక్షల బైట్ల మెమరీ కావాలి, కానీ ఆబ్జెక్ట్ ఫైలు ఆ మేరకు పెరగదు. "ఇంత చోటు సున్నాలతో కావాలి" అన్న నమోదు ఒక్కటి చాలు. అదే శ్రేణిలో మొదటి గడికి 1 అని రాసి చూస్తే అక్షరం బీ నుంచి డీకి మారుతుంది, ఫైలు ఒక్కసారిగా నాలుగు మెగాబైట్లకు ఉబ్బుతుంది. ఒక్క అంకె ఖరీదు అది.

ఈ తేడా సరదాకు తెలుసుకునేది కాదని ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్ పిల్లలకు ఆర్డ్వినో ప్రాజెక్టులో తెలిసొస్తుంది. ఊనో బోర్డు మీద ఉండే ఏట్‌మెగా 328పీ చిప్‌లో ప్రోగ్రాంకు 32 కిలోబైట్లు, వేరియబుళ్లకు 2 కిలోబైట్లే. 1024 బైట్ల బఫర్ రెండు చోట్ల పెట్టుకుంటే ఇక మిగిలేది సున్నా. బోర్డు తనంతట తాను రీసెట్ అవుతుంటే వైర్లు వదులయ్యాయేమోనని అందరూ బ్రెడ్‌బోర్డును తడుముతారు. ఈ చిప్ రకానికి చెందిన ఏవీఆర్ టూల్స్‌తో పాటే వచ్చే ఎన్ఎమ్‌ను సైజ్-సార్ట్ ఆప్షన్‌తో నడిపితే ఎవరెంత చోటు తిన్నారో చిన్నది మొదలు పెద్దదాకా వరుసగా వస్తుంది. చివరి రెండు వరుసల్లో 400 అని కనిపిస్తుంది. అది పదహారు ఆధారంగా రాసిన అంకె, మన లెక్కలో 1024. వైర్లకు ఏ పాపం తెలియదు.

సీనియర్ల నుంచి జూనియర్లకు, పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కు చేతులు మారుతూ వచ్చే ల్యాబ్ ప్రోగ్రాముల విషయానికి వస్తే, వాటిలో చాలావాటికి ఒక పాత జబ్బు ఉంది. హెడర్ ఫైలులో ఇంట్ కౌంట్ అని గ్లోబల్ వేరియబుల్ రాసేస్తారు, అసలు వేరియబుల్ వేరే చోట ఉందని చెప్పే ఎక్స్‌టర్న్ ఉండదు. ఆ హెడర్‌ను మూడు సీ ఫైళ్లు ఇన్‌క్లూడ్ చేసుకుంటాయి. నియమం ప్రకారం అది మూడు సార్లు ఒకే పేరును నిర్వచించడమే, తప్పే. అయినా ఏళ్ల తరబడి అది నడిచింది. కారణం ఎన్ఎమ్‌లో సీ అనే అక్షరం. కామన్ అని అర్థం. విలువ ఇవ్వని గ్లోబల్‌ను పాత జీసీసీ బీ కింద వేయకుండా కామన్ కింద వేసేది. లింకర్ ఒకే పేరున్న కామన్‌లన్నిటినీ కలిపి ఒకటే చోటు ఇచ్చేది. ఫోర్ట్రాన్ కాలం నాటి మర్యాద అది. 2020లో వచ్చిన జీసీసీ 10 ఆ మర్యాదను డిఫాల్ట్‌గా ఆపేసింది. అప్పటినుంచి అదే కోడ్‌లో మూడు సీలకు బదులు మూడు పెద్ద బీలు వస్తాయి, లింకర్ ఒప్పుకోదు.

దీని దెబ్బ ఉబుంటు 20.04 నుంచి 22.04కి మారినప్పుడు తెలిసింది. మొదటిదాంట్లో డిఫాల్ట్ జీసీసీ 9, రెండోదాంట్లో 11. నిన్నటిదాకా నడిచిన రికార్డు ప్రోగ్రాం కొత్త సిస్టంలో కదలకపోతే నింద ఉబుంటు మీద పడుతుంది. కంపైలర్‌కు ఎఫ్-కామన్ అనే ఆప్షన్ ఇస్తే పాత పద్ధతి తిరిగొస్తుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. అది నొప్పికి మాత్ర మాత్రమే. హెడర్‌లో ఎక్స్‌టర్న్ అని రాసి, ఒక్క సీ ఫైల్లో అసలు వేరియబుల్ ఉంచితే, ఎన్ఎమ్‌లో ఒక చోట బీ, మిగతా చోట్ల యూ కనిపిస్తాయి. చిట్టా అలా ఉండాలి.

సీ ప్లస్ ప్లస్‌కు వెళ్లేసరికి పేర్ల తగాదా మరో మలుపు తిరుగుతుంది. తిరుపతిలో ఏ తరగతిలోనైనా కనీసం ముగ్గురు వెంకటేశులు ఉంటారు; మాస్టారు గత్యంతరం లేక ఎం. వెంకటేశ్, కె. వెంకటేశ్ అని ఇంటిపేరు పొడి అక్షరం తగిలించి పిలుస్తారు. సీ ప్లస్ ప్లస్‌లో ఒకే పేరుతో వేర్వేరు ఫంక్షన్లు ఉండొచ్చు, తీసుకునే విలువల రకం మారితే చాలు. లింకర్‌కు ఆ రకాలేమీ తెలియవు, దానికి పేరొక్కటే గుర్తు. అందుకే కంపైలర్ రకాన్నీ పేరులోనే కుక్కేస్తుంది. లినక్స్‌లో ఆ పద్ధతి ఇది: ముందు అండర్‌స్కోర్, జెడ్; తర్వాత పేరు పొడవు; తర్వాత పేరు; చివర రకాల పొడి అక్షరాలు. ఇంట్ తీసుకునే ఛార్జీ ఫంక్షన్ పేరు చివర ఐ, డబుల్ తీసుకునేదాని చివర డీ. పేరు పొడవు దగ్గర ఒక తమాషా ఉంది. ఛార్జీ అన్న మాటను తెలుగులోనే రాస్తే అక్కడ పడే అంకె 18, ఎందుకంటే అందులో ఆరు యూనికోడ్ గుర్తులున్నాయి, ఒక్కోటి మూడు బైట్లు.

మామూలు ఎన్ఎమ్ ఈ పేర్లను వికృతంగానే చూపిస్తుంది. క్యాపిటల్ సీ ఆప్షన్ ఇస్తే విడమరిచి మనుషుల భాషలో చెబుతుంది. కానీ ఒక్కోసారి వికృతంగా చూడటమే మేలు. సీలో రాసిన లైబ్రరీని సీ ప్లస్ ప్లస్ నుంచి పిలిచినప్పుడు, పేరుకు రకం తగిలించొద్దని చెప్పే ఎక్స్‌టర్న్ సీ అన్న మాట మర్చిపోతే, ఒక వైపు పొడి అక్షరాలు తగిలించిన బాకీ, మరో వైపు ఉత్త పేరుతో జమ ఉంటాయి. విడమరిచి చూస్తే రెండూ దాదాపు ఒకటే అనిపిస్తాయి. ముసుగు తీయకుండా చూస్తేనే తేడా కంటికి కొడుతుంది.

లైబ్రరీల దగ్గర ఎక్కువగా తగిలే ముల్లు వర్గమూలం. ఎస్‌క్యూఆర్‌టీ ఫంక్షన్ వాడిన ప్రోగ్రాంకు లింక్ చేసేటప్పుడు గణిత లైబ్రరీని ఎల్ఎమ్ అని అడగాలి. కానీ 16.0 అని నేరుగా అంకె ఇచ్చి రాసిన ప్రోగ్రాం అడగకపోయినా నడుస్తుంది. యూజర్ నుంచి తీసుకున్న విలువ ఇస్తే ఆగిపోతుంది. "నిన్న నడిచింది సార్" అన్న ఫిర్యాదులో అబద్ధం లేదు. అంకె ముందే తెలిస్తే జీసీసీ తానే లెక్కగట్టి 4.0 అని రాసేస్తుంది, ఫంక్షన్‌ను పిలవనే పిలవదు. మొదటి ఆబ్జెక్ట్ ఫైలు మీద ఎన్ఎమ్ నడిపితే ఆ పేరే ఉండదు, రెండోదాంట్లో యూతో ఉంటుంది. అలాగే స్టాటిక్ లైబ్రరీని (డాట్ ఓ ఫైళ్ల మూటను) కమాండ్ వరుసలో ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. లింకర్ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఆ క్షణానికి చేతిలో ఉన్న బాకీలు తీర్చే ఫైళ్లనే లైబ్రరీలోంచి తీసుకుంటుంది. లైబ్రరీని ముందు, అడిగే ఫైలును తర్వాత పెడితే షాపు దాటిపోయాక సరుకు గుర్తొచ్చినట్టే, లింకర్ వెనక్కి తిరగదు.

నడిచేటప్పుడు కలిసే షేర్డ్ లైబ్రరీల లెక్క వేరే పట్టికలో ఉంటుంది, ఎన్ఎమ్‌కు క్యాపిటల్ డీ ఆప్షన్ ఇస్తే కనిపిస్తుంది. ఇక్కడ పేర్లకు వెర్షన్ తోకలుంటాయి. ఇంట్లో లాప్‌టాప్ మీద ఉబుంటు 22.04లో కట్టిన ప్రోగ్రాంను తెచ్చి కాలేజీలో 20.04 మీద నడపబోతే "జీలిబ్‌సీ 2.34 దొరకలేదు" అని మొరాయిస్తుంది. జీలిబ్‌సీ అంటే లినక్స్‌లో సీ ప్రోగ్రాములు వాడుకునే మూల లైబ్రరీ. కోడ్‌లో కొత్త ఫంక్షన్ ఏదీ వాడలేదే అని ఆశ్చర్యం. ఎన్ఎమ్ చూపించే బాకీల్లో లిబ్‌సీ_స్టార్ట్_మెయిన్ అనే పేరు, దాని చివర ఎట్ గుర్తు, జీలిబ్‌సీ 2.34 అని ఉంటుంది. మెయిన్‌ను పిలిచి ప్రోగ్రాంను మొదలుపెట్టేది అదే, ప్రతి ప్రోగ్రాంకూ కావాలి. 22.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.35, 20.04లో 2.31. పాతది కొత్తదాని బాకీ తీర్చలేదు. పాత సిస్టంలో కట్టి కొత్తదాంట్లో నడిపితే ఇబ్బంది లేదు, ఎందుకంటే కొత్త జీలిబ్‌సీ పాత తోకల పేర్లనూ మోస్తూ వస్తుంది.

ఇక స్ట్రిప్. ఈ కమాండ్ నడిపితే పూర్తయిన ప్రోగ్రాంలోని సింబల్ టేబుల్ ఊడిపోతుంది, ఫైలు చిన్నదవుతుంది, ఎన్ఎమ్ "నో సింబల్స్" అంటుంది. కల్యాణకట్ట నుంచి బయటికొచ్చిన ఇరవై మంది బంధువుల గుంపును చూసినట్టు ఉంటుంది: మనుషులు వాళ్లే, నడక అదే, కానీ బాబాయి ఎవరో మామయ్య ఎవరో పోల్చుకోవడానికి కాస్త టైం పడుతుంది. ప్రోగ్రాం నడకలో తేడా ఏమీ రాదు. షేర్డ్ లైబ్రరీలను కలుపుకోవడానికి కావాల్సిన డైనమిక్ పట్టికను మాత్రం స్ట్రిప్ ముట్టుకోదు. అది లేకపోతే ప్రోగ్రాం మొదలే కాదు.

పేరు లేని కోడ్ అనుమానానికి తావిస్తుందనడానికి ఈ మధ్య కాలంలో ఫైళ్లను కుదించే టూల్ అయిన ఎక్స్‌జెడ్ ఉదంతం కన్నా గట్టి సాక్ష్యం లేదు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ తన మెషిన్లోకి నెట్‌వర్క్ ద్వారా వచ్చే ఎస్ఎస్‌హెచ్ లాగిన్లు అర సెకను ఆలస్యం అవుతున్నాయని గమనించి కొలిచి చూశాడు. సమయమంతా ఎక్స్‌జెడ్‌తో పాటు వచ్చే ఎల్‌జెడ్ఎంఏ లైబ్రరీలో పోతోంది, కానీ ఏ ఫంక్షన్‌లో అన్నది, సమయం కొలిచే ప్రొఫైలర్ చెప్పలేకపోయింది. ఆ చిరునామాకు సింబల్ లేదు. అక్కడ మొదలైన అనుమానం ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగచాటుగా పెట్టిన వెనక తలుపును బయటపెట్టింది. ఆ దొంగ కోడ్ వచ్చింది కూడా ముందే తయారు చేసి పరీక్ష ఫైళ్లలో దాచిన ఒక డాట్ ఓ ఫైలు రూపంలోనే.

లినక్స్ కెర్నల్ కట్టేటప్పుడు సిస్టమ్.మ్యాప్ అనే ఫైలు తయారవుతుంది. అది ఎన్ఎమ్ ఇచ్చిన చిట్టాయే, వడపోసి పెట్టింది. నడుస్తున్న కెర్నల్‌లో ప్రాక్ కింద ఉండే కాల్‌సిమ్స్ ఫైలు తెరిచినా అవే టీలు, డీలు, బీలు పలకరిస్తాయి. ఈ అక్షరాలు ఒకసారి పట్టుబడితే చాలా చోట్ల పనికొస్తాయి.

పై ఉదాహరణలో ఫంక్షన్లకు తెలుగు పేర్లు పెట్టడం పాఠకుడి సౌకర్యం కోసం చేసిన కల్పన కాదు. జీసీసీ 10 నుంచి సోర్స్ ఫైల్లో నేరుగా తెలుగు పేర్లు రాయొచ్చు, క్లాంగ్ అనే మరో కంపైలర్ అంతకుముందే ఒప్పుకుంది. 8 బైట్ల రోజుల్లో అయితే తిరుపతి అన్న పేరులో "తి" దగ్గరే చోటు అయిపోయేది. ఆ మాటకు మొత్తం 21 బైట్లు కావాలి. ఇప్పుడు ఆ చిక్కు లేదు గానీ మనదైన ఇంకో చిక్కు ఉంది. పొల్లు తర్వాత వచ్చే హల్లు కిందికి దిగి వత్తుగా మారకుండా తెలుగు కీబోర్డులు ఒక కనపడని గుర్తును చొప్పిస్తాయి; దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. టికెట్_ధర అన్న పేరును ఒకరు ఆ గుర్తుతో, మరొకరు అది లేకుండా టైప్ చేశారనుకుందాం. పొల్లు పక్కన అండర్‌స్కోర్ ఉంది కాబట్టి తెర మీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. 2011 సీ ప్రమాణం ఆ గుర్తును పేర్లలో అనుమతించింది, అందువల్ల కంపైలర్ కిక్కురుమనదు. లింకర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు, మూడు బైట్ల తేడా. ఒక ఫైల్లో యూ టికెట్_ధర, ఇంకో ఫైల్లో పెద్ద టీ టికెట్_ధర, అయినా అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్! ఎన్ఎమ్ కూడా అక్కడ చేతులెత్తేస్తుంది, మామూలుగా నడిపితే. 2022లో వచ్చిన బైన్యుటిల్స్ (ఎన్ఎమ్ ఉండే టూల్స్ మూట) 2.38లో దానికి యూనికోడ్ అనే ఆప్షన్ చేర్చారు. ఎస్కేప్ అని విలువ ఇస్తే ప్రతి తెలుగు గుర్తూ 0సీ తో మొదలయ్యే కోడ్‌గా విడిపోతుంది, మధ్యలో 200సీ అని ఒకటి పరాయిదానిలా బయటపడుతుంది. తాజా సీ23 ప్రమాణం పేర్లకు పెట్టిన నియమాల్లో ఆ గుర్తుకు చోటు లేదు.

ఎన్ఎమ్‌కు అసలే కనపడనివీ ఉన్నాయి. ఆప్టిమైజేషన్ పెంచి కంపైల్ చేస్తే సవరించు లాంటి చిన్న స్టాటిక్ ఫంక్షన్ పిలిచిన చోటే కరిగిపోయి, చిట్టాలోంచి పేరే మాయమవుతుంది. అది ప్రమాదం లేని సంగతి. ప్రమాదం ఉన్నది సీ పేర్లకు రకం తగిలించకపోవడంలో. ఛార్జీ_లెక్క డబుల్ తిరిగి ఇస్తుందని ఛార్జీ.సీలో ఉంది, మెయిన్.సీలో ఎవరో చేతితో రాసిన ప్రోటోటైప్ మాత్రం ఇంట్ అంటోంది. ఒక వైపు యూ, మరో వైపు పెద్ద టీ, పేరు అచ్చుగుద్దినట్టు అదే. లింకర్ సంతోషంగా కలిపేస్తుంది. 64 బిట్ ఇంటెల్ మెషిన్లో డబుల్ ఒక రిజిస్టర్‌లో వస్తుంది, ఇంట్ కోసం చూసేది ఇంకో రిజిస్టర్‌లో. చిత్తూరు ఛార్జీ బదులు ఆ క్షణానికి అక్కడ మిగిలిన చెత్త అంకె మెయిన్ చేతికొస్తుంది. జమా బాకీ సరిపోయిన తప్పు ఇది, చిట్టాలో దొరకదు. పట్టుకోగలిగింది కంపైలరే, అదీ ప్రోటోటైప్‌ను హెడర్ ఫైలులో పెట్టి, ఆ హెడర్‌ను మెయిన్.సీతో పాటు ఛార్జీ.సీ కూడా ఇన్‌క్లూడ్ చేసుకున్నప్పుడు.